రైతుకు చెప్పడమా, రైతుతో కలిసి చూడడమా?

వ్యవసాయ విస్తరణలో, అంటే సాగు పరిజ్ఞానాన్ని రైతులకు చేర్చే పనిలో, రెండు దారులను పోల్చి చూద్దాం. ఒకటి, 1970లలో ప్రపంచ బ్యాంకు ముందుకు తెచ్చిన శిక్షణ–సందర్శన పద్ధతి. విస్తరణ కార్యకర్త పరిశోధనలో తేలింది నేర్చుకుని, పదిహేను రోజులకోసారి కొందరు రైతులకు చెబుతాడు. వాళ్ల నుంచి మిగతావాళ్లకు చేరాలి. కొత్త వంగడం, ఎరువు మోతాదు లాంటి సూటి విషయాలకు ఇది బాగానే పనిచేస్తుంది. కానీ అందరి పొలాలూ ఒకలా ఉండవు కదా! పైగా జీతాల ఖర్చు ప్రభుత్వాలకు మోయలేని భారమైంది.

రెండోది పొలంబడి. 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏవో) ఆధ్వర్యంలో మొదలైంది. పాతిక మంది దాకా రైతులు సీజనంతా వారం వారం పొద్దున్నే మడిలోకి దిగుతారు. దుబ్బు మొదట్లో వరి రసం పీల్చే సుడిదోమలెన్ని, వాటిని తినే సాలీళ్లెన్ని అని లెక్కపెడతారు. చూసింది చార్టు మీద బొమ్మగా గీసి, మందు కొట్టాలా వద్దా అని వాళ్లే తేల్చుకుంటారు. ఎడాపెడా మందు కొడితే సాలీళ్లు చచ్చి సుడిదోమ ఇంకా పెరుగుతుందని అక్కడే అర్థమవుతుంది.

రైతుకు ఇంత అని లెక్కేస్తే పొలంబడికి ఖర్చు ఎక్కువే. నేర్చుకున్నది పక్క పొలానికి తనంతట తాను పాకదు కూడా. అయినా నా ఓటు పొలంబడికే. పురుగు మారినా, వాన తీరు మారినా ఆ రైతు మళ్లీ మడిలోకి దిగి లెక్కపెట్టగలడు.