ఉజని వెనక నీళ్లు: ఫ్లెమింగోల కోసం భిగ్వాన్ వెళ్లేవాళ్లకు

పులికాట్‌లో ఫ్లెమింగోలను చాలామంది శ్రీహరికోట రోడ్డు పక్కన నిలబడి బైనాక్యులర్‌తోనే చూస్తారు. అదే పక్షిని పడవలో కూర్చుని, ముక్కు వంపు కూడా తెలిసేలా చూడాలంటే మహారాష్ట్రలోని భిగ్వాన్ వెళ్లాలి. హైదరాబాద్ నుంచి సోలాపూర్ మీదుగా పుణె వెళ్లే హైవే మీదే, పుణె ఇంకో వంద కిలోమీటర్లు ఉందనగా వస్తుంది. భిగ్వాన్‌లో ఆగే రైళ్లు తక్కువ. దౌండ్ జంక్షన్‌లో దిగి వెనక్కి రావడమే సులువు.

భిగ్వాన్ దగ్గరున్నవి ఉజని రిజర్వాయర్ నీళ్లు. భీమా నది మీద 1980లో ఆ డ్యామ్ పూర్తయింది. ఈ భీమానే కిందికి వచ్చి, రాయచూరుకు పైన తెలంగాణ సరిహద్దులో మన కృష్ణలో కలుస్తుంది. భిగ్వాన్ రిజర్వాయర్‌కు ఎగువ చివర ఉంది కాబట్టి ఇక్కడ లోతు తక్కువ. కాలవలకు నీళ్లు వదిలేకొద్దీ ఒడ్డు వెంట బురద మేటలు బయటపడతాయి. ఫ్లెమింగో మెడ వంచి, ముక్కును తలకిందులుగా నీళ్లలో పెట్టి, నాచునూ సూక్ష్మజీవులనూ వడగట్టుకుని తింటుంది. దానికి నిలబడగలిగే లోతే కావాలి. రిజర్వాయర్ నిండుగా ఉంటే దానికి ఇక్కడ పని లేదు.

అందుకని గది కన్నా ముందు నీటిమట్టం ఎంతుందో అడగండి. అక్కడివాళ్లు పర్సెంట్‌లో చెబుతారు. మొత్తం 117 టీఎంసీల్లో దాదాపు 63 డెడ్ స్టోరేజీ, అంటే అడుగున ఉండే నీళ్లు. దాని కంటే తగ్గితే మైనస్ అంటారు. 2024 వేసవిలో మైనస్ 50 కూడా దాటింది. బాగా వానలు పడిన ఏడాది మేటలు ఆలస్యంగా తేలతాయి, జనవరి చివర నుంచి మార్చి దాకా మంచి అదను. నవంబరు, డిసెంబరుల్లో వెళితే ఫ్లెమింగోలు తక్కువైనా బాతులు నిరాశపరచవు. కావ్యాల్లో జక్కవలని చదివిన పక్షులు నిజంగానే జంటలు జంటలుగా కనిపిస్తాయి.

ఫ్లెమింగోలకు కుంభార్‌గావ్ వైపు, గల్స్‌కూ ఆస్ప్రే లాంటి వేట పక్షులకూ డిక్సల్ వైపు వెళ్లాలి. ఒక్క పూటే ఉంటే కుంభార్‌గావ్ చాలు. తెల్లవారకముందే పడవెక్కండి. ఎండెక్కితే గాలి లేస్తుంది, ఫొటోలూ బాగా రావు.

పడవలు నడిపేది చేపలు పట్టే కుటుంబాలవాళ్లే. మా పడవ మనిషి గుంపుకు చాలా దూరంలోనే ఇంజిన్ ఆపేసి, గెడకర్రతో మెల్లగా తోశాడు. పక్షులు తల కూడా ఎత్తలేదు. ఇంతలో ఇంకో పడవ ఎగిరే ఫొటో కోసం గుంపులోకే దూసుకొచ్చింది, క్షణంలో మేట ఖాళీ అయింది. నాకు చాలా బాధేసింది. ఆ పక్కనే మేస్తున్న గీతల తల బాతులు చలికాలం అయ్యాక హిమాలయాలు దాటి టిబెట్, మంగోలియా దాకా వెళ్లాల్సినవి. ఇక్కడ తిన్న తిండే వాటి ప్రయాణానికి బలం. బేరం ఆడేటప్పుడే ‘దగ్గరికి వద్దు, ఇంజిన్ ఆపి ఉంచండి’ అని చెప్పండి. హిందీ సరిపోతుంది. లైఫ్ జాకెట్లు కూడా అడిగి వేసుకోండి.

బసకు నా ఓటు కుంభార్‌గావ్‌లోని హోమ్‌స్టేలకే. గదులు మామూలువి, వేడి నీళ్లు బకెట్‌లో ఇస్తారు, కానీ రేవు నడిచే దూరం. ముందు దిగిన హైవే లాడ్జిలో లారీల హారన్లతో నిద్రే లేదు, పైగా డబ్బులూ ఎక్కువే. భోజనం మాత్రం మర్చిపోలేనిది: జొన్నరొట్టె, కారంగా చిలాపి చేపల కూర. శాకాహారులకు శనగపిండితో చేసే పిఠ్లా ఉంటుంది.

ఒక విషయం మనసు కలచివేసింది. పుణె, పింప్రీ చించ్‌వడ్ మురుగు ములా-ముఠా, భీమా నదుల మీదుగా ఈ నీళ్లలోకే చేరుతోంది. కొన్నిచోట్ల నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి, వాసన కూడా వచ్చింది. పక్షులూ, చేపల మీద బతికే ఊళ్లూ ఆ నీళ్లనే నమ్ముకున్నాయి. అంత పెద్ద నగరాలు మురుగును పూర్తిగా శుద్ధి చేశాకే నదిలోకి వదలాలి.

మధ్యాహ్నం ఖాళీగా ఉంటే దగ్గర్లోని కడ్బన్‌వాడీ గడ్డిభూములకు వెళ్లండి, చింకారా జింకలు కనిపిస్తాయి. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.