పానల్ సా మీద ముక్క పట్టుకోడానికి ఏది మేలు: లివర్ క్లాంపా, ఎయిర్ క్లాంపా, ఫ్రిట్జ్ అండ్ ఫ్రాంజ్ అనే చెక్కల జతా?

స్లైడింగ్ టేబుల్ (ముక్కతో పాటు ముందుకి జారే బల్ల) ఉన్న పానల్ సా, అంటే షీట్లు కోసే రంపం మిషన్, ఏ షెడ్డులో చూసినా ఒకటి కామన్‌గా కనపడుద్ది, మిషన్‌తో పాటు వచ్చిన లివర్ క్లాంపు ఏదో మూలన పొట్టు పట్టి పడుంటది. ఎందుకు తీసేశావన్నా అంటే "అడ్డమొస్తది, చేత్తో నొక్కితే చాలు" అంటారు. 8 బై 4 షీటు పెద్ద కోతలకి చాలు కూడా, 18 ఎంఎం ప్లై షీటు 30 కిలోల దాకా ఉంటది కాబట్టి దాని బరువుకే అది కదలదు. తంటా అంతా చిన్న ముక్కలతో, వంకర టేకు పలకలతోనే.

నేనూ చేత్తో నొక్కే బాపతే. ఒకసారి డ్రాయర్‌కి జానెడు ముక్క ఒకటి కోస్తున్నా, ఎడమచేత్తో ఫెన్సుకి (ముక్కని ఆనించే అడ్డపట్టీకి) ఆనించి పట్టుకున్నా, కింద ఎక్కడో చిన్న చెక్కపేడు ఇరుక్కుని ఉంది, ముక్క ఒక్క వెంట్రుకవాసి ఊగింది అంతే, బ్లేడు వెనక పళ్ళు దాన్ని లేపి విసిరేసినయ్. నా పక్కనుంచి పోయి వెనకున్న వాటర్ టిన్నుకి తగిలి టిన్ను పగిలింది. 300 ఎంఎం బ్లేడు నిమిషానికి 4000 సార్లు తిరిగితే పన్ను కొస గంటకి 220 కిలోమీటర్ల పైన పోతుంటది, మన బొటనవేలు దానితో ఏం పోటీ పడుద్ది చెప్పండి. ఆ రోజు నుంచే ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి వాడి చూశా.

ముందు లివర్ క్లాంపు. కడ్డీని టేబుల్ గాడిలో బిగించి, క్లాంపు చేతిని ముక్క మీదకి దించి, లివర్ తిప్పితే పైనుంచి నొక్కుద్ది. వంకర చెక్కకి దీన్ని మించింది లేదు. పలక వంగి ఉంటే ఉబ్బిన వైపు పైకి పెట్టాలి, అంచులు రెండూ టేబుల్‌ని తాకాలి, అయినా ఊగుతుంటే కింద పల్చటి చెక్క చీలిక దూర్చి అప్పుడు బిగించాలి. బలవంతంగా నొక్కి చదును చేసి కోస్తే మాత్రం క్లాంపు వదలగానే చెక్క మళ్ళీ లేస్తది, కోత వంకరపోద్ది. బెరడు అంచున్న టేకు, మామిడి పలకలకి మొదటి స్ట్రెయిట్ అంచు తీయాలంటే ముందు కొసని టేబుల్ మీద బిగించే పళ్ళున్న దిమ్మకి (షూకి) గుచ్చి వెనక కొసని ఈ క్లాంపుతో పట్టటమే పద్ధతి. చికాకులు రెండు. లివర్ తిరిగేటప్పుడు ముక్కని కొంచెం పక్కకి నెడుద్ది, అందుకని బిగించాక పెన్సిల్ గీత మళ్ళీ చూసుకోవాలి. ఇంకోటి, సన్‌మైకా మీద ముద్ర పడుద్ది, మధ్యలో ప్లై తునక పెట్టుకోవాలి. ఒకే సైజు 40 ముక్కలుంటే ఇదంతా 40 సార్లు చేయాలి మరి, అందుకే మనోళ్ళు తీసి మూల పడేస్తారు.

ఎయిర్ క్లాంపు అంటే టేబుల్ మీద పొడుగ్గా ఒక దూలం, బటన్ నొక్కితే మొత్తం దిగి పట్టేస్తది. మాడ్యులర్ కిచెన్ పనోళ్ళకి, రోజుకి పదుల షీట్లు కోసేవాళ్ళకి బంగారం. కానీ కంప్రెసర్ కావాలి, గాలి పైపు లీకులు చూసుకోవాలి, దూలం కింద వేలు పెట్టామా ఇక అంతే. ఒక చివర చిన్న ముక్క పెడితే దూలం వాలిపోద్ది, రెండో చివర అదే మందం తునక పెట్టాలి. నెలకి నాలుగు వార్డ్‌రోబ్‌లు చేసే షెడ్డుకి ఇది దండగ.

ఇక ఫ్రిట్జ్ అండ్ ఫ్రాంజ్. స్లైడింగ్ టేబుల్ రంపం 1906లో ఆల్టెన్‌డార్ఫ్ అనే జర్మనీ ఆయన తెచ్చిందే, ఈ జతా జర్మనీ వాళ్ళదే, మనమైతే సుబ్బయ్య, వెంకయ్య అని పెట్టేవాళ్ళం. రెండు ప్లై చెక్కలు. ఒకటి ముందున్న అడ్డ ఫెన్సుకి ఆనుకుంటది, రెండోదాని కింద బద్ద ఉండి టేబుల్ గాడిలో జారుద్ది, మధ్యలో మన ముక్క. వెనక చెక్కకున్న హ్యాండిల్ పట్టుకుని ముందుకి నెడతాం, ఆ నెట్టుడే పట్టు. ముక్క తాకే చోట ఎమ్రీ పేపర్ అంటిస్తే అస్సలు జారదు. నాకు బాగా నచ్చింది ఏందంటే, చేసిన కొత్తలో ఆ చెక్కల అంచుని అదే బ్లేడుతో ఒకసారి కోసేస్తాం, అప్పట్నుంచి ఆ అంచే కోత గీత, పెన్సిల్ గుర్తుని అంచుకి పెట్టి నెట్టటమే, కొలత తేడా రాదు. వేలంత సన్న బద్దలు కూడా చెయ్యి బ్లేడుకి దూరంగా ఉంచే కోయొచ్చు.

దీనికీ పడనివి ఉన్నయ్. 3, 4 ఎంఎం ప్లై అయితే రెండువైపులా నొక్కేసరికి మధ్యలో విల్లులా లేస్తది. కొసలు మూలమట్టంగా లేకపోతే ముక్క తిరుగుద్ది. పైనుంచి నొక్కేది లేదు కాబట్టి వంకర పలక ఊగుద్ది. నెట్టటం ఆపితే పట్టు పోద్ది, అందుకని కోత అయ్యాక ముక్కని బ్లేడు పక్కనుంచి వెనక్కి లాక్కోకండి, అక్కడే పక్కకి జరిపి తీసేయండి. ఏ పద్ధతిలో అయినా కుడివైపు రిప్ ఫెన్సుని (బ్లేడు పక్కనే దానికి సమాంతరంగా ఉండే పట్టీని) బ్లేడు ముందుకొసకి ఇవతలికి లాగేయాలి, లేకపోతే కోసిన తునక ఫెన్సుకీ బ్లేడుకీ మధ్య ఇరుక్కుని మన మీదకే వస్తది.

నన్నడిగితే చిన్న షెడ్డుకి ఫ్రిట్జ్ అండ్ ఫ్రాంజే ముందు, వంకర చెక్క వచ్చినప్పుడు లివర్ క్లాంపు, ఎయిర్ క్లాంపు ఆర్డర్లు పెరిగాక చూసుకోవచ్చు. ఫ్రిట్జ్ అండ్ ఫ్రాంజ్‌ని నేను 18 ఎంఎం ప్లై తునకలతో ఒక మధ్యాహ్నంలో చేసేశా, పైసా ఖర్చు కాలేదు. కింద బద్దకి మాత్రం మెత్తటి చెక్క వద్దు, నేను మొదట మామిడిది పెడితే పదిరోజులకే అరిగి గాడిలో లొడలొడలాడింది, ఇప్పుడు టేకుది వేశా.