సెకండ్ లైఫ్‌లో ఐదేళ్ల కొలువు: క్లబ్బు గుమ్మం నుంచి దుకాణం దాకా

2020 లాక్‌డౌన్‌లో విశాఖపట్నంలో నేను పనిచేస్తున్న ట్రావెల్ కార్యాలయం మూతపడిన తరువాత, ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌తో నాలుగు రూపాయలు సంపాదించే దారి వెతుకుతూ సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ ఊహాలోకంలో చేరాను. ఐదేళ్లలో అక్కడ రెండు కొలువులు చేశాను: మొదట ఒక డాన్స్ క్లబ్బులో హోస్ట్‌గా, తరువాత ఒక దుస్తుల దుకాణంలో కస్టమర్ సర్వీసులో. ఇందులో డబ్బు వస్తుందా అని అడిగేవారికి వస్తుందనే చెబుతాను. ఎంత వస్తుంది, ఏ పనికి వస్తుంది అన్నది మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చేరేవారిలో చాలామంది ఆ లెక్క వేసుకోకుండానే చేరుతున్నారు.

శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన లిండెన్ ల్యాబ్ 2003 జూన్‌లో ప్రారంభించిన ఈ లోకంలో గెలుపు ఓటములు లేవు. ఇళ్లు, బట్టలు, నృత్యాలు, పడవలు అన్నీ అందులో ఉండేవారే తయారుచేసి, లిండెన్ డాలర్లకు అమ్ముకుంటారు. ఆ లిండెన్ డాలర్లను లిండెక్స్ అనే మారకపు వేదికలో అసలు డాలర్లుగా మార్చుకోవచ్చు. నేను పనిచేసిన కాలమంతా ఒక అమెరికా డాలరుకు సుమారు 250 లిండెన్ డాలర్లకు అటూ ఇటూగా ధర నడిచింది. 2006లో ఆన్షే చుంగ్ అనే అవతార్ (అక్కడ మనిషి తరఫున తిరిగే బొమ్మ) బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. ఆ సంపాదన కథ తెలిసి ఇక్కడికి వచ్చేవారు ఇప్పటికీ తగులుతుంటారు. ఆమె సంపాదించింది భూమి వ్యాపారంలో. గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవారిని పలకరించే కొలువుకు ఆ లెక్క వర్తించదు.

ఇది ప్రధానంగా పెద్దల లోకం. ప్రాంతాలను జనరల్, మోడరేట్, అడల్ట్ అని మూడు తరగతులుగా విభజించారు. 2009లో అడల్ట్ విషయాల కోసం జిండ్రా అనే ఖండాన్ని ప్రత్యేకంగా ఏర్పాటు చేశారు. మా క్లబ్బు మోడరేట్ ప్రాంతంలోనే ఉండేది, అయినా హోస్ట్ అనగానే ఇంకేదో పని అనుకొని విడిగా సందేశాలు పంపేవారు షిఫ్టుకు ఇద్దరు ముగ్గురు తప్పక ఉండేవారు. ఎస్కార్ట్ పని చేసేవారు అక్కడ బహిరంగంగానే చేస్తారు, వారిని నేను తక్కువగా చూడను; అది నేను ఎంచుకున్న పని కాదు, అంతే. ఆ మాట ప్రొఫైల్‌లో మొదటి వాక్యంగా రాసిపెట్టిన రోజు నుంచి అలాంటి సందేశాలు సగానికి సగం తగ్గాయి. గొంతు వినిపించాలని పట్టుబట్టే క్లబ్బులలో నేను చేరలేదు. నా షిఫ్టులన్నీ టైపింగ్‌తోనే నడిచాయి.

హోస్ట్ పని చూడడానికి తేలిక. డీజే పాటలు వేస్తుంటాడు. లోపలికి వచ్చే ప్రతి అవతార్‌ను పేరుపెట్టి పలకరించడం, మాట ఆగిపోకుండా చూడడం, గంటకోసారి గ్రూపుకు నోటీసు పంపడం, ఆ రోజు వేషధారణ పోటీకి ఓట్ల బోర్డు తెరవడం, అల్లరి చేసేవారిని బయటికి పంపడం మా వంతు. మొదటి నెలలో అందరినీ ఒకే మూస వాక్యంతో పలకరించాను, టిప్పులు అంతంతమాత్రంగా వచ్చాయి. తరువాత పిల్లల పాత బడి నోటుపుస్తకం ఒకటి పక్కన పెట్టుకొని, ఎవరు ఏ రోజున వస్తారు, ఎవరికి ఏ పాట గిట్టదు, ఎవరు తమ పడవకు కొత్త తెరచాప కట్టారు అన్నవి రాసుకోవడం మొదలుపెట్టాను. వారం తరువాత వచ్చిన మనిషిని ఆ తెరచాప ఎలా ఉందని అడిగితే అతని ముఖం కనబడదు గానీ, టిప్ జార్ మీది అంకె మారడం కనబడుతుంది. డబ్బు కోసమే మొదలుపెట్టిన ఆ పుస్తకం వల్ల ఆ మనుషుల మీద నాకు నిజంగానే ఆపేక్ష కుదిరింది.

పని వేళల గురించి మన దేశంలో ఉన్నవారు ముందే ఆలోచించుకోవాలి. అక్కడి గడియారం అమెరికా పసిఫిక్ కాలమానంలో నడుస్తుంది. క్లబ్బులు కిటకిటలాడే సాయంత్రం ఆరు నుంచి పది గంటల సమయం మనకు వాళ్ల వేసవిలో ఉదయం ఆరున్నర నుంచి పదిన్నర, వాళ్ల చలికాలంలో ఏడున్నర నుంచి పదకొండున్నర. పిల్లలకు క్యారేజీలు కట్టే వేళకే నా షిఫ్టు మొదలయ్యేది. కరెంటు పోయి మధ్యలో మాయమైతే, తిరిగి వచ్చేసరికి టిప్పులు ఇచ్చేవారు వెళ్లిపోయి ఉండేవారు.

ఇక లెక్కలు. రెండు గంటల షిఫ్టుకు నాకు 400 నుంచి 700 లిండెన్ డాలర్లు వచ్చేవి. డాలరు 80 రూపాయలనుకుంటే సుమారు 130 నుంచి 225 రూపాయలు. నెలకు 20 షిఫ్టులు చేస్తే మొత్తం మూడున్నర వేల రూపాయల దగ్గర ఆగేది. టిప్పులలో ఐదో వంతు క్లబ్బు తీసుకున్న తరువాత నా చేతికి వచ్చినది ఇది. విశాఖలో ఒక కుటుంబం దీనితో బతకలేదు. మాకు నెట్ బిల్లు, కరెంటు బిల్లు, పిల్లల పుస్తకాలు గడిచాయి.

క్లబ్బుల అసలు బలహీనత నాకు అర్థమైంది మా క్లబ్బు మూతపడిన రోజునే. 65,536 చదరపు మీటర్ల పూర్తి రీజియన్‌కు (క్లబ్బు నిలిచే భూభాగానికి) యజమాని నెలనెలా కంపెనీకి రుసుము కట్టాలి. 2018లో దానిని 295 డాలర్ల నుంచి 249కి, ఆ తరువాత మరికొంత తగ్గించినా, అది 50 వేల లిండెన్ డాలర్లకు పైమాటే. టిప్పులలో ఐదో వంతుతో అది ఏ మూలకూ చాలదు, యజమాని జేబులోంచి వేయాలి. ఒక మంగళవారం ఉదయం లాగిన్ అయితే మా క్లబ్బు ఉండవలసిన చోట సముద్రం ఉంది. నాకు రావలసిన రెండు వారాల పోటీ నిర్వహణ సొమ్ము 3,000 లిండెన్ డాలర్లు ఆ సముద్రంలోనే పోయాయి. రాతపూర్వకమైన ఒప్పందమేదీ లేదు, అడగడానికి మనిషి కూడా లేడు. డబ్బు కన్నా, రోజూ వచ్చే నలభై మందికి ఒక్క మాటైనా చెప్పకుండా మూసేయడమే నన్ను ఎక్కువగా బాధించింది.

దుకాణం కొలువు దీనికన్నా అన్ని విధాలా మేలు. వారానికి 3,500 లిండెన్ డాలర్ల స్థిరమైన జీతం, పది గంటల పని, వేళలు మన ఇష్టం. కొనుగోలుదారుల సమస్యలు ముఖ్యంగా మూడు రకాలే: రీజియన్ రీస్టార్ట్ అవుతున్నప్పుడు కొన్నందువల్ల డబ్బు కోత పడి వస్తువు రాకపోవడం, ఒకే దుస్తును రెండుసార్లు కొనడం, తమ మెష్ బాడీకి (అవతార్‌కు విడిగా కొని తొడిగే శరీరానికి) సరిపోని సైజు కొనడం. డెమో (నమూనా) వేసి చూడకుండా కొనేవారే ఎక్కువ. లావాదేవీల చరిత్రలోంచి ఆ కొనుగోలు వరుసను తెచ్చి నోట్‌కార్డులో (అక్కడ రాసి పంపుకునే చీటీలో) పెట్టమని వారిని అడగాలి. ఆఫ్‌లైన్‌లో ఉన్నప్పుడు వచ్చే సందేశాలు ఒక పరిమితి దాటితే అందవు కాబట్టి నోట్‌కార్డే పద్ధతి.

ఒక ఉదయం ఒక కొత్త కొనుగోలుదారు కౌంటరు ముందుకు వచ్చింది, కుడి చేతికి పెద్ద అట్టపెట్టె అంటుకొని ఉంది. గౌను కొన్నాను, పెట్టె వచ్చింది, తొడుక్కుంటే ఇలా అయింది, మూడు రోజులుగా ఇలాగే తిరుగుతున్నాను అని రాసింది. మా దుకాణం నేల మీద వస్తువులు దింపడానికి అనుమతి లేదు. ఆమెను వస్తువులు దింపుకోనిచ్చే శాండ్‌బాక్స్ అనే ఖాళీ స్థలానికి తీసుకువెళ్లి, పెట్టెను నేల మీదకు ఎలా లాగాలో, తెరిచి లోపలివన్నీ ఇన్వెంటరీలోకి (తన సామాను జాబితాలోకి) ఎలా వేసుకోవాలో ఒక్కొక్క మెట్టు టైపు చేశాను. నలభై నిమిషాలు పట్టింది. నీలం గౌను ఒంటి మీదకు వచ్చిన తరువాత ఆమె చాలాసేపు ఏమీ రాయకుండా, గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. ఆ తరువాత రెండేళ్ల పాటు మా దుకాణంలో ప్రతి కొత్త విడుదలనూ కొన్నది.

వచ్చిన డబ్బు చేతికి రావడానికి ఓపిక కావాలి. 2019లో చెల్లింపుల బాధ్యత టిలియా అనే సంస్థకు మారింది. గుర్తింపు పత్రాలు ఇచ్చిన తరువాతే డబ్బు బయటికి తీసుకోగలం. లిండెక్స్‌లో అమ్మినప్పుడు ఒక కోత, పేపాల్‌కు పంపినప్పుడు మరొక కోత పడతాయి, అందుకే నేను మూడు నెలలకు ఒకసారే తీసుకునేదాన్ని. పేపాల్ నుంచి మన బ్యాంకుకు రావాలంటే ఆ డబ్బు దేనికి వచ్చిందో తెలిపే పర్పస్ కోడ్ ఎంచుకోవాలి. ఆ రసీదులు దాచి, ఈ మొత్తాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో ఆదాయంగా చూపించాను.

చేరాలనుకునేవారు శిక్షణ రుసుమో, యూనిఫాం సొమ్మో ముందు కట్టమనేవారిని అక్కడికక్కడే వదిలేయండి. పాస్‌వర్డు అడిగే లంకెలు స్నేహితుల పేరుతో వచ్చినా తెరవవద్దు. అసలు పేరు, ఊరు, ఫొటో ఎవరికీ ఇవ్వనక్కరలేదు. ఇతరుల వివరాలు వారి అనుమతి లేకుండా బయటపెట్టడం అక్కడి నియమాలకే విరుద్ధం. ఇంగ్లీషులో వేగంగా, మర్యాదగా టైపు చేయగలిగి, ఇల్లు గడవడానికి వేరే ఆధారం ఉన్నవారికి దుకాణం కొలువును నిస్సందేహంగా సూచిస్తాను. క్లబ్బులో చేరేవారు మాత్రం ఆ నెల రీజియన్ రుసుము ఎవరు కడుతున్నారో మొదటి రోజే అడిగి, తమకు రావలసినది ఏ వారానికి ఆ వారం తీసుకోవాలి.