డిడోనా, బొడోనీనా, ప్లేఫెయిరా? రిచ్ లుక్‌కి ఏ ఫాంట్ మేలు

బొటిక్ లోగో అయినా పెళ్లి కార్డ్ అయినా క్లయింట్ అడిగేది ఒకటే, వోగ్ ఫ్యాషన్ మ్యాగజైన్ కవర్ మీద అక్షరాల్లా రిచ్‌గా ఉండాలి అని. నిలువు గీతలు లావుగా, అడ్డ గీతలూ సెరిఫ్‌లూ (అక్షరం కొసల్లో ఉండే చిన్న గీతలు) వెంట్రుకంత సన్నగా ఉండే ఆ లుక్ 18వ శతాబ్దం చివర్లో వచ్చింది, పారిస్‌లో ఫిర్మిన్ డిడో, ఇటలీలో పార్మాలో జంబటిస్టా బొడోనీ దాదాపు ఒకే కాలంలో చేశారు.

చూడ్డానికి డిడోనే అందం, అందులో నాకు డౌట్ లేదు. కానీ పెద్ద సైజులోనే. అదే ఫాంట్‌ని 9 పాయింట్లకి దించి, నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలుగా గరుకు పేపర్ మీద ప్రింట్ చేయిస్తే ఇంకు పక్కలకి పాకి సన్న గీతలన్నీ పూడుకుపోతాయి, e మధ్యలో అడ్డ గీత మాయమై c లా కనిపిస్తుంది. గోల్డ్ ఫాయిల్ కొట్టిస్తే ఆ గీతలు మధ్యమధ్యలో తెగుతాయి. అందుకే ఫాంట్ డిజైనర్ జొనాథన్ హోఫ్లర్ హార్పర్స్ బజార్ మ్యాగజైన్ కోసం డిడో గీసినప్పుడు ఒక్క డ్రాయింగ్‌తో సరిపెట్టలేదు, 6 పాయింట్ల నుంచి 96 దాకా ఏడు సైజులకి వేరువేరుగా గీశాడు, ఎంత సైజులో వాడినా సన్న గీత సన్నగానే ఉండాలి, కానీ తెగకూడదు. ఇది పట్టించుకోకుండా సిస్టమ్‌లో ఉన్న డిడో పెట్టేసి ప్రింటర్ వాణ్ణి తిడితే లాభం లేదు.

బొడోనీకొస్తే, ఒకే పేరుతో బోలెడు ఉన్నాయి. 1926లో వచ్చిన బాయర్ బొడోనీ చాలా నాజూకు, అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ చేసింది కాస్త గట్టిది, కాబట్టి "బొడోనీ వాడు" అంటే ఏ బొడోనీ అని అడగాలి. ఫ్రీగా కావాలంటే బొడోనీ మోడా, అందులో ఆప్టికల్ సైజ్ సెట్టింగ్ ఉంది, చిన్న సైజుకి గీతలు లావెక్కుతాయి. నన్నడిగితే మామూలు బడ్జెట్‌లో బ్రాండ్ పని చేసేవాళ్లకి మొదటి ఛాయిస్ ఇదే.

ప్లేఫెయిర్ డిస్‌ప్లే 2011లో వచ్చింది, డానిష్ డిజైనర్ క్లాస్ ఎగర్స్ సోరెన్సెన్‌ది, పై రెండింటి కంటే కాంట్రాస్ట్ (లావు, సన్న గీతల మధ్య తేడా) తక్కువ, వెబ్‌సైట్ హెడింగ్స్‌కి ధైర్యంగా పెట్టుకోవచ్చు. ఒక్కటి చూసుకోండి, ఇందులో అంకెలు డిఫాల్ట్‌గా ఓల్డ్ స్టైల్, 3, 4, 5, 7, 9 లైన్ కిందకి దిగుతాయి, పెళ్లి కార్డ్‌లో ఫోన్ నంబర్ ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది, లైనింగ్ ఫిగర్స్ (అన్నీ ఒకే ఎత్తులో ఉండే అంకెలు) ఆన్ చేస్తే సరిపోతుంది. కాకపోతే ఎక్కడ చూసినా ఇదే, కాబట్టి లోగోకి మాత్రం వద్దంటాను.

పక్కన తెలుగు కూడా ఉంటే బోల్డ్ జోలికి పోకండి, మన గుండ్రటి అక్షరాలు ఆ సన్న గీతల పక్కన మరీ బరువుగా పడతాయి, నోటో సెరిఫ్ తెలుగు లైట్ వెయిట్‌లో పెట్టి లైన్ల మధ్య కాస్త ఎక్కువ చోటు వదలండి, వత్తులు కింది లైన్‌కి తగలవు.