మాడిసన్ స్క్వేర్ గార్డెన్: టికెట్ కొనేముందు వంతెన ఎక్కడుందో చూసుకోండి

ఆటలూ కచేరీలూ జరిగే న్యూయార్క్ హాలు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సీటు కొనేవాళ్లు ధర కంటే ముందు చూసుకోవాల్సింది నెత్తిమీద వంతెన ఉందా లేదా అని. 1968లో కట్టిన ఈ గుండ్రటి భవనానికి పైకప్పుని ఉక్కు తాళ్ల మీద వేలాడదీశారు. హాల్లో స్తంభమన్నదే లేదు, ఏ మూల కూర్చున్నా చూపుకి అడ్డుండేది కాదు. 2011-13 మధ్య లోపలంతా తిరగగట్టినప్పుడు అదే పైకప్పు కింద రెండు వంతెనలు వేలాడదీసి వాటి మీదా సీట్లు వేశారు. లేని అడ్డుని డబ్బు పోసి తెచ్చుకోవడమంటే ఇదే.

300 నంబర్లతో ఉండేవి ఈ వంతెన సీట్లే. ముందు వరస దొరికితే బాస్కెట్‌బాల్‌కి ఇంతకంటే మంచి చోటు లేదు. కోర్టు మొత్తం అరచేతిలో పెట్టినట్టు ఉంటుంది, పాస్ ఎటు వెళ్లబోతోందో ముందే తెలిసిపోతుంది. నష్టమంతా కింద 200 సెక్షన్ల వెనక వరసల వాళ్లది. వాళ్లకి కోర్టు కనబడుతుంది గానీ నడిమధ్య వేలాడే పెద్ద స్కోర్‌బోర్డు వంతెన చాటున పడిపోతుంది. అందుకే వంతెన అడుగున టీవీలు బిగించారు. ఆటకి వాటితో సర్దుకోవచ్చు. కచేరీకి మాత్రం ఎత్తున కట్టిన లైట్లు, తెరలు కనబడకుండా పోతాయి. కాబట్టి 200ల్లో కొంటే ముందు వరసలే కొనండి. కోర్టుకి సరిగ్గా మధ్యన కూర్చోవాలంటే కింద 107, 117 సెక్షన్లు. జేబు కూడా దానికి తగ్గట్టే ఉండాలి.

బాస్కెట్‌బాల్‌కి 19,812 మంది, హాకీకి 18,006 మంది పడతారు. హాకీ రోజున కింది వరసల్లో చలేస్తుంది, స్వెటర్ మర్చిపోవద్దు.

టికెట్ మీద ‘ఇన్ఫోసిస్ థియేటర్’ అని ఉంటే అది ఈ హాలు కాదు. అదే భవనంలో అడుగున ఉన్న, సుమారు 5,600 మంది పట్టే వేరే థియేటర్. ధర తక్కువగా కనబడిందని తొందరపడి కొనేవాళ్లు ఈ పేరు గమనించరు.

కోర్టే అయిదో అంతస్తులో ఉంది. అంటే అన్నిటికంటే కింది సీటుకైనా ఎస్కలేటర్లు ఎక్కాల్సిందే. తనిఖీ వరస కూడా కలుపుకుని కనీసం ముప్పావుగంట ముందే గుమ్మం దగ్గర ఉండాలి. పెద్ద సూట్‌కేసుతో వస్తే లోపలికి పంపరు. ముఖాలు గుర్తుపట్టే కెమెరాలూ ఉన్నాయి. యాజమాన్యం మీద కేసులు నడుపుతున్న లా సంస్థల లాయర్లని, చేతిలో టికెట్ ఉన్నా, వీటితో పట్టి వెనక్కి పంపుతున్న సంగతి 2022లో పెద్ద వార్తయింది. ప్రేక్షకుడిగా వచ్చినవాడితో ఇలాగా వ్యవహరించేది?

తిండి లోపల ఖరీదెక్కువ, శాకాహారికి ఎంపిక తక్కువ. లెక్సింగ్టన్ అవెన్యూలో 28వ వీధి చుట్టుపక్కల దోసె తినేసి నడిచి రావడం మేలు. పాతిక నిమిషాల నడక.

ఇక రాకపోకలు. హాలు కిందే పెన్ రైల్వే స్టేషన్, కాబట్టి న్యూజెర్సీలోని ఎడిసన్, మెట్రోపార్క్ వైపు నుంచి వచ్చే మనవాళ్లకి కారు తెచ్చి పార్కింగ్‌కి పోసే పనే లేదు. ఇబ్బందల్లా తిరుగు ప్రయాణంలోనే. ఆట అయ్యాక వేలమంది ఒక్కసారిగా మెట్ల మీద పడతారు. ట్రాక్ నంబరేమో రైలు కదలడానికి కాసేపటి ముందే బోర్డు మీదికొస్తుంది. తిరుగు టికెట్ ముందే ఫోన్‌లో కొని పెట్టుకోవాలి. ఎదురుగా ఎనిమిదో అవెన్యూ అవతల 2021లో తెరిచిన మొయినిహాన్ రైల్వే హాలు విశాలంగా ఉందని చాలామంది అక్కడికెళ్లి నిలబడతారు. అక్కణ్నుంచి 5 నుంచి 21 దాకా ట్రాకులకే దిగే వీలుంది. న్యూజెర్సీ రైళ్లు వాడే 1 నుంచి 4 ట్రాకులకి అక్కడ దారి లేదు. బోర్డు మీద 3 అని పడ్డాక అవెన్యూ దాటి పరిగెత్తేసరికి రైలు వెళ్లిపోతుంది. ఏడో అవెన్యూ వైపు, 31, 32 వీధుల దగ్గరున్న న్యూజెర్సీ ట్రాన్సిట్ (ఆ రైళ్లు నడిపే సంస్థ) హాల్లోనే ఆగండి, ఇరుకైనా సరే.