గుండెకి మంచిదని వాడితే బీపీ పెరిగింది

నెలసరి ఆగిపోయి రెండేళ్లయింది. అప్పటినుంచి చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) మెల్లగా ఎక్కుతూ 152కి వచ్చింది. ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గాక ఎల్‌డీఎల్ ఇలా పెరగడం చాలామందిలో ఉండేదేనని డాక్టర్ చెప్పారు కానీ, జీవితాంతం మాత్రలంటే మనసొప్పక, సీసా మీద 'మెనోపాజ్ తర్వాత మీ గుండెకి రక్ష' అని ఉన్న ఈ మూలికల క్యాప్సూల్స్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని రోజుకి రెండు చొప్పున మూడు నెలలు వాడాను.

మంచి ముందు చెప్తాను. మింగడం తేలిక, వాసన లేదు. రాత్రిళ్లు ఒంట్లోంచి ఆవిర్లు రావడం కాస్త తగ్గినట్టే అనిపించింది, కాకపోతే అవి వాటంతటవే తగ్గుముఖం పట్టే రోజులు కూడా అయ్యుండొచ్చు కాబట్టి ఆ మార్కులు క్యాప్సూల్‌కే వేయలేను.

రెండో నెలలో సాయంత్రమయ్యేసరికి పాదాలు ఉబ్బేవి, చెప్పులు బిగుతయ్యేవి. నిలబడి పనిచేయడం వల్లేమో అనుకున్నాను. ఇంట్లో మిషన్‌తో చూసుకుంటే ఎప్పుడూ 128 దగ్గర ఉండే బీపీ 148! టెన్షన్ పడి డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఏమేం వాడుతున్నారో అన్నీ పట్టుకురండి అన్నారు. సీసా తిప్పి చదివి, అతిమధురం దగ్గర వేలు పెట్టి ఆగారు. అందులో గ్లిసిరైజిన్ అనే పదార్థం ఉంటుందట, అది ఎక్కువ రోజులు ఒంట్లోకి వెళ్తే కిడ్నీలు ఉప్పుని, నీటిని పట్టేసుకుని పొటాషియంని బయటికి పంపేస్తాయి, దాంతో బీపీ పెరుగుతుంది, పొటాషియం మరీ పడిపోతే గుండె లయ కూడా తప్పుతుంది. గుండె కోసమని కొన్న సీసాలో ఇదా!

ఎంత అతిమధురం వేశారో చూద్దామంటే లేబుల్ మీద లేదు. రెడ్ క్లోవర్ అనే మొక్క, వెల్లుల్లి, అతిమధురం అన్నీ కలిపి 500 మిల్లీగ్రాములు, అంతే. గ్లిసిరైజిన్ తీసేసిన అతిమధురం కూడా దొరుకుతుంది, ఇది అదో కాదో కూడా రాయలేదు. బీపీ ఉన్నవాళ్లకి హెచ్చరిక లేదు. వెల్లుల్లి ఎక్కువ మోతాదులో ఉంటే రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి రక్తస్రావం ముప్పు, ఆ మాటా లేదు.

మానేసిన మూడు వారాలకి బీపీ 130కి దిగింది, వాపు పోయింది. ఎల్‌డీఎల్ మాత్రం 149, అంటే మూడు నెలలు మింగినందుకు మూడు పాయింట్లు, అది కూడా ల్యాబ్ తేడా అయ్యుండొచ్చు. ఇప్పుడు డాక్టర్ రాసిన మాత్రే వేసుకుంటున్నాను.

అతిమధురం మోతాదెంత అని అమ్మినవాళ్లకి మెయిల్ పెడితే, 'మాది పూర్తిగా సహజమైనది మేడమ్' అని జవాబిచ్చి, తర్వాతి ఆర్డర్‌కి డిస్కౌంట్ కూపన్ పంపారు. ఒక స్టార్.