దొంగ లింకా, ఫ్రీ డిష్షా, రీచార్జా: మ్యాచ్ చూడ్డానికి ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు చీకటి పడేసరికి వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో, హక్కులు లేకుండా మ్యాచ్ చూపించే దొంగ లింకులు తిరగడం మొదలవుతుంది. ‘ఊరికే వస్తోంది, చూస్తే తప్పేముంది?’ అంటారు. తప్పుంది. ఆ తప్పు ఎంత, దాని బదులు ఏముంది అన్నది ఒక్కొక్కటే చూద్దాం.

ముందుగా ఫ్రీ డిష్ (దూరదర్శన్ ఉచిత డిష్ సేవ), ఎందుకంటే చాలామంది దొంగ లింకులో చూసే మ్యాచ్ అసలు ఉచితంగానే దొరుకుతుంది. 2007 నాటి చట్టం ప్రకారం భారత పురుషుల జట్టు ఆడే వన్డేలు, టీ20ల ప్రసారాన్ని హక్కులు కొన్న సంస్థ, దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతితో పంచుకోవాలి. ఐపీఎల్ అందులో లేదు. మరి డీడీ స్పోర్ట్స్ మన కేబుల్లో ఉన్నా మ్యాచ్ రాదేం? ఆ పంచుకున్న ప్రసారం దూరదర్శన్ సొంత టవర్లకీ, ఫ్రీ డిష్‌కే గానీ ప్రైవేటు కేబుల్‌కి కాదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. కేబుల్ అబ్బాయి మీద కోప్పడి లాభం లేదు.

కావలసినవి 60 నుంచి 90 సెంటీమీటర్ల డిష్, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండే, సిగ్నల్ అందుకునే పరికరం), వైరు, ఎంపెగ్-4 రకం సెట్‌టాప్ బాక్సు. నెలనెలా కట్టేదేమీ లేదు. ఉపగ్రహం జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పున ఉంటుంది. పర్లాకిమిడిలో డిష్‌ని నేరుగా దక్షిణానికి పెట్టి, అక్కణ్ణుంచి సుమారు 27 డిగ్రీలు తూర్పుకి తిప్పాలి. సిగ్నల్ దాదాపు 65 డిగ్రీల ఎత్తు నుంచి దిగుతుంది. ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాక కిందుగా ఉండే ఆఫ్‌సెట్ డిష్ కాబట్టి చూపుకి అంత పైకి తిరిగినట్టు కనబడదు. అది చూసి ఇంకా పైకెత్తేస్తారు, సిగ్నల్ పోతుంది. బాక్సు మెనూలో క్వాలిటీ గీత చూస్తూ వెంట్రుకవాసి చొప్పున కదపండి, ఎల్‌ఎన్‌బీని కూడా కొద్దికొద్దిగా తిప్పండి. ఆగ్నేయం వైపు కొబ్బరి మట్ట అడ్డొచ్చినా బొమ్మ ఆగుతుంది. జడివానలో ఎలాగూ ఆగుతుంది. 90 సెంటీమీటర్ల డిష్‌కి ఆ బెడద తక్కువ.

దీంతో లోటు, ఐపీఎల్ రాదు, తెలుగు కామెంటరీ మామూలుగా ఉండదు. అవి కావాలంటే టీవీలో కేబులే. ఒడిశాలో ఆపరేటర్లు ఇచ్చే ప్యాకులు ఒడియా, హిందీ ఛానళ్లతో నిండి ఉంటాయి. స్టార్ స్పోర్ట్స్ తెలుగు అడిగితే ‘పెద్ద ప్యాకు వేయించుకోండి’ అంటారు. వినక్కర్లేదు. 2019 ఫిబ్రవరి నుంచి అమలైన ట్రాయ్ (టెలికాం, కేబుల్ నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం ఛానల్‌ని విడిగా ఎంచుకునే హక్కు మీది. ఐపీఎల్ రెండు నెలలు వేయించుకుని తీసేయించండి. ఇంట్లో నలుగురు చూసేవాళ్లుంటే ఐపీఎల్‌కి ఇదే మేలు.

ఒక్కరే చూసుకుంటే ఫోన్ ప్యాకు. 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు ప్రకటనలతో, ఒక్క ఫోన్‌కి మూడు నెలలకి 149 రూపాయలు. ధరలు మారుతుంటాయి, యాప్‌లోనే సరిచూసుకోండి. అసలు ఖర్చు డేటాది. 480 క్వాలిటీలో గంటకి అర జీబీ దాటుతుంది, టీ20 నాలుగు గంటలు పడుతుంది. రోజుకి 1.5 జీబీ ప్యాకు రెండో ఇన్నింగ్స్ మధ్యలోనే అయిపోతుంది. క్వాలిటీని ఆటోలో ఉంచకుండా చేత్తో తగ్గించుకోండి.

దొంగ లింకుకీ ఆ డేటా అంతా ఖర్చవుతుంది. పైగా చాలా లింకుల్లో క్వాలిటీ తగ్గించే వీలుండదు, బొమ్మ ఆలస్యంగా వస్తుంది, పక్కింటివాళ్లు అరిచాక మీకు వికెట్ పడుతుంది. ఆ సైట్ల రాబడి ఎక్కువగా బెట్టింగ్ ప్రకటనలే; డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలని 2025 చట్టం నిషేధించింది. ప్లే బొత్తం నొక్కితే ‘మీరు రోబో కాదని చెప్పడానికి అలౌ నొక్కండి’ అంటుంది. నొక్కారా, ఇక రోజంతా నోటిఫికేషన్లే. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కి వెళ్లి ఆ సైటుని తీసేయండి. ఏపీకే, అంటే ప్లే స్టోర్‌లో కాకుండా బయట నుంచి వేసుకునే యాప్ ఫైలు, వేయించేవి ఇంకా ప్రమాదం. మ్యాచ్ చూపించే యాప్‌కి మీ ఎస్సెమ్మెస్‌లతో ఏం పని? ఓటీపీ చదవడానికే. డబ్బు పోయిందా, వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఇక న్యాయం సంగతి. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకి అమ్ముడయ్యాయి. నా 149 లేకపోతే ఎవరికి నష్టం అంటారు. అక్కడ కనబడదు, నిజమే. అవే అయిదేళ్లకి మహిళల ప్రీమియర్ లీగ్ 951 కోట్లకి పోయింది. మళ్లీ వేలం వేసినప్పుడు ధర పలికేది చూసేవాళ్ల లెక్కని బట్టి. లింకులో చూసినవాళ్లు ఆ లెక్కలోనే ఉండరు. అమ్మాయిల ఆట ఇష్టపడి చూస్తూ కూడా, ఆ ఆటకి చూసేవాళ్లే లేరనిపించడం దొంగ లింకు చేసే అసలు అన్యాయం.

తప్పులన్నీ ఒక్క స్థాయివి కావు. ఇంట్లో కూర్చుని చూడ్డం కంటే లింకుని పది గ్రూపులకి పంపడం పెద్ద తప్పు. ఆ లింకునే ప్రొజెక్టర్‌కి కలిపి, రామాలయం దగ్గర తెర కట్టి, మనిషికి పది రూపాయలు వసూలు చేయడం అన్నిటికంటే పెద్దది. డబ్బు తీసుకుని జనానికి చూపించడాన్ని కాపీరైట్ చట్టం 37వ సెక్షన్ పేరుపెట్టి మరీ ఉల్లంఘన అంటుంది. తెలిసి చేస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి రెండు లక్షల జరిమానా. యువజన సంఘాలు తెర కట్టాలనుకుంటే భారత్ మ్యాచ్ ఉన్న రోజు చూసుకుని ఫ్రీ డిష్ బాక్సే ప్రొజెక్టర్‌కి కలపండి, టికెట్టు మాత్రం పెట్టొద్దు.